ట్రాక్టర్ టకటక

నా చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే అమ్మానాన్నలు నన్ను ఆర్కెన్సా రాష్ట్రంలో మా పిన్ని వాళ్లింట్లో దింపి వెళ్లేవాళ్లు. పిన్ని డీజిల్ ఇంజిన్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. వారమంతా ఆఫీసులో ఇంజిన్లతో గడిపి, శనివారం గరాజ్‌లో మళ్లీ ఇంజిన్ ముందే కూర్చునేది. ఎవరో రైతు వదిలించుకున్న పాత ట్రాక్టర్ అది. స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా టకటకమని వినిపించేది. పక్కింటివాళ్లు వచ్చి మొహమాటంగానే చెప్పి వెళ్లారు. ఈ చప్పుడు తగ్గకపోతే అమ్మేద్దామని బాబాయి తేల్చేశాడు. దాని మీదెక్కి పెరడంతా తిరగడమే నా సెలవులు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ శనివారం పిన్ని ఇంజిన్ పైమూత విప్పి, నన్ను స్టూల్ ఎక్కించింది. లోపల వరసగా చిన్నచిన్న ఇనప చేతులు, పార్కులో పిల్లలు చెరో కొసనా కూర్చుని ఊగే తూగుబల్లల్లాగా. ఒక కొసని కిందినుంచి ఊచ పైకి నెడితే రెండో కొస వంగి వాల్వ్‌ని నొక్కుతుంది. వాల్వ్ అంటే తలుపేనని పిన్ని చెప్పింది. గాలి లోపలికి రావడానికొకటి, పొగ బయటికి పోవడానికొకటి. మధ్యలో రెండూ గట్టిగా మూసుకోవాలి. అప్పుడే లోపలి గాలి నలిగి కాగుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలిని నొక్కితే నిప్పు పుడుతుందా అని నేను నోరు తెరిచాను.

ఆ చేతికీ వాల్వ్‌కీ మధ్య సన్నటి సందుంది. చెయ్యి ఆ సందు దాటొచ్చి వాల్వ్‌ని తాకినప్పుడల్లా టక్. దొంగ దొరికాడనుకున్నాను.

"సందు లేకుండా బిగించేస్తే పోలా పిన్నీ?"

పిన్ని ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, రెంచ్ నా చేతికిచ్చింది. "బిగించి చూడు."

అన్నీ బిగించాం. స్టార్ట్ చేస్తే టకటక లేదు! నేను గరాజంతా గంతులేశాను. పిన్ని మాత్రం ఇంజిన్ ఆపే మీట మీద చెయ్యి వేసి నిలబడింది. వేడెక్కేకొద్దీ ఇంజిన్ దగ్గడం మొదలెట్టింది. తెల్లటి పొగ కక్కి, ఒళ్లంతా వణికి ఆగిపోయింది. మళ్లీ తిప్పినా లేవలేదు. పాడుచేసేశాననుకున్నాను.

"ఏం పాడవలేదులే. వేడెక్కితే ఇనుము ఏమవుతుంది?"

స్కూల్లో చదివింది అప్పుడు వెలిగింది. సాగుతుంది. ఊచలూ వాల్వులూ సాగాయి. సాగడానికి చోటు లేక తలుపులు పూర్తిగా మూసుకోలేదు, గాలంతా కారిపోయింది.

ఇంజిన్ చల్లారేలోగా పెరుగన్నం తిన్నాం. తర్వాత పిన్ని కాగితమంత పల్చటి ఇనపరేకును సందులో పెట్టి, అది కాస్త పట్టుకుంటూ కదిలేటంత వదులు నాచేతే పెట్టించింది. అసలు గొడవేమిటంటే, అరిగి అరిగి సందులు మరీ పెరిగిపోయాయట. ఈసారి కుట్టుమిషన్‌లా సన్నగా టిక్‌టిక్‌మంది. బాబాయి వచ్చి చెవొగ్గి విన్నాడు.

"ఇంకా వస్తోందే?"

"అంత ఉండాలి బాబాయ్," అంటూ నేనే మొదలుపెట్టాను. మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు. అమ్మేసే మాట మళ్లీ ఎత్తలేదు.

అలా బిగించకూడదని పిన్ని ఒక్క ముక్కలో చెప్పేయగలిగేది. తన సెలవురోజు పోయినా సరే, నన్ను చేసి చూడనిచ్చింది. ఇప్పుడు మా మనవలు ఏదైనా తప్పుగా ఊహించినప్పుడు, నాలుక చివరిదాకా వచ్చిన జవాబు మింగేసి పక్కన నిలబడతాను. ఇన్నేళ్లయినా అది నాకు కష్టంగానే ఉంటుంది.