ఎడమచేతి గాట్లు

చైనాలో గ్వాంగ్‌జౌ మహానగరాన్ని ఆనుకుని పన్యు అని ఒక శివారు జిల్లా ఉంది. నేనెన్నడూ పోలేదు, పోయేది కూడా లేదు. అయినా అక్కడ ఏమేం చూడాలో అడిగితే గడగడా చెప్పేస్తాను. మస్కట్‌లో ఖురం అనే పేటలో నేను వంట చేసే ఇంటి మేడమ్‌ది ఆ ఊరే. ఇద్దరివీ వచ్చీరాని ఇంగ్లీషు మాటలే అయినా, ఊరి ముచ్చట చెప్పందే ఆమెకు పొద్దు గడవదు. ఆల్చిప్పలు పేర్చి కట్టిన పాత ఇళ్ల గోడలు, అల్లం రసం మీద వేడి పాలు పోస్తే జున్నులా గడ్డకట్టే తీపి, ఇంకా ఒక ఎర్రరాతి కొండ. ఆ కొండ రెండు వేల ఏళ్ల నాటి రాతి గని అట. ఇప్పుడు టికెట్ కొని చూస్తారట.

గనిని టికెట్ కొని చూడడమేమిటని నాకు ఒళ్లు మండింది. మా ఆయన కడప దగ్గర నాపరాళ్ల గనిలో ఇరవై ఏళ్లు రాయి కొట్టాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి మంచం పట్టాడు.

మేడమ్ వాళ్లు నెల రోజులు ఊరికి పోయే ముందు, "మీ ఆయనకు ఎలా ఉంది? ముందు నువ్వు వెళ్లొస్తావా?" అని అడిగింది.

"వట్టి దగ్గే మేడమ్, మీరు పోయిరండి" అన్నాను. నేను పోతే నా చోట ఇంకొకరిని పెట్టుకుంటారని భయం. ఆ అబద్ధం నాదే, ఎవరి మీదా తోయలేను.

ఒక మధ్యాహ్నం మేడమ్ ఆ గని ముందు నిలబడి దిగిన ఫొటో పంపింది. నవ్వుకుంటాడులే అని మా ఆయనకు పంపాను. గంటకు వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

"ఆ గోడ జూడుమే. ఉలిగాట్లన్నీ ఒకపక్కకే వాలినాయి. ఒక్కచోట మాత్రం ఎదురు వాలినాయి. వాడు నా మాదిరే ఎడమచేతోడు. ఎవురో పాపం, వానికీ ఈ దగ్గుండేదేమో."

మేడమ్ రావడానికి ఇంకా పదకొండు రోజులున్నాయనగా ఆయన పోయాడు. నా పాస్‌పోర్టు మేడమ్ భర్త, మా సార్ బీరువాలో ఉంది, దాని తాళంచెవి సార్‌తోపాటే చైనాకు పోయింది. మరిది ఫోన్ పట్టుకుంటే వీడియోలో చివరి చూపు చూశాను.

మేడమ్ అల్లం మిఠాయి డబ్బాతో వచ్చింది. విషయం తెలిసి వంటింట్లో నా పక్కనే నేల మీద కూలబడింది. "నిజం చెప్పుంటే మేమే ప్రయాణం మానుకునేవాళ్లం కదా" అంది. తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఫొటో ఇంకా ఫోన్‌లో ఉంది. పెద్దది చేసి గోడంతా వెతుకుతుంటాను. నా కంటికి గాట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎడమచేతివి ఏవో చూపించమందామంటే ఆయన లేడు.