మైకు ముందు నా చోటు

మా అపార్ట్‌మెంటులో జెండా పండుగ నాడు మైకు ముందుకు అందరికంటే మొదట వెళ్ళేది నేనే. సెక్రటరీ సార్ మాట్లాడటం, జెండా ఎగరేయడం, పిల్లలకు మిఠాయిలు పంచడం అన్నీ నా తర్వాతే. తిరువొత్తియూరులో ఈ ఇళ్ళు కట్టి మేమంతా చేరిన కొత్తలో, "ప్రార్థన ఎవరు పాడతారు?" అని అడిగితే, బాగా చదువుకున్న ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. నేను ముందుకు నడిచాను. అప్పటి నుంచి ఆ చోటు నాది.

నేను బడికి పోయింది తక్కువ. సౌకార్‌పేటలో మా నాన్నకు పసుపు, కుంకుమ టోకున అమ్మే కొట్టుండేది. కొట్టు వెనక గదిలో మా అవ్వ పసుపు కొమ్ములు ఏరుతూ వినాయకుడి మీద ఒక పాట పాడేది. ఏరే చెయ్యీ ఆగేది కాదు, పాటా ఆగేది కాదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఆ పసుపు వాసనలో నాకు పాటంతా వచ్చేసింది. ఇప్పటికీ పాడుతుంటే వేళ్ళు వాటంతటవే ఏరుతున్నట్టు కదులుతాయి.

తమిళుల ఊరు కాబట్టి మా అపార్ట్‌మెంటులో తెలుగు తెలిసినవాళ్ళు తక్కువ. అయినా నేను గొంతెత్తగానే అందరూ చెప్పులు విడిచి నిలబడేవాళ్ళు. నేను కళ్ళు సగం మూసుకుని పాడుతూ, తెరిచిన సగంతో వాళ్ళ కాళ్ళే చూసేదాన్ని. నన్ను ఎప్పుడూ పలకరించని బ్యాంకు ఆఫీసరు కూడా సిమెంటు నేల మీద ఉత్త కాళ్ళతో, చలికి వేళ్ళు ముడుచుకుని నా పాట అయ్యేదాకా నిలబడేవాడు. అంతకంటే నాకేం కావాలి?

రెండో అంతస్తులో నా స్నేహితురాలు ఉంటుంది. తురకలు. పుట్టిల్లు నెల్లూరు వైపు కాబట్టి తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడుతుంది. మా బ్లాకులో తెలుగులో కోప్పడటానికి, తెలుగులో నవ్వడానికి నాకున్నది ఆమె ఒక్కతే. రంజాన్ నెలలో వాళ్ళు ఉపవాసం విడిచే గంజి మా ఇంటికి వస్తుంది, మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు మొదటి గిన్నె వాళ్ళింటికి వెళుతుంది. జెండా పండుగకు మాత్రం ఆమె ఎప్పుడూ ఆలస్యమే. నా పాట అయిపోయి, నేను వచ్చి కూర్చున్నాక, నా పక్కన పట్టి ఉంచిన కుర్చీలోకి మెల్లగా వచ్చి చేరేది. పొద్దుటి పనులు తెమిలి ఉండవులే అనుకునేదాన్ని.

అట్లా సాగుతుండగా మా ఎదురింట్లోకి ఒకామె అద్దెకు వచ్చింది. తమిళామె, క్రైస్తవులు. చర్చిలో పాడుతుంది, బడిలో పిల్లలకు పాటలు చెబుతుంది. ఆ గొంతు ఎట్లాంటిదంటే, ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఊరికే కూనిరాగం తీస్తే మా వీధిలో కూరగాయల బండివాడు అరవడం ఆపేవాడు. ఒక సాయంత్రం మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు.

"ఎందుకు తగ్గించారు?" అన్నాను.

"ఎదురింటామె పాడతావుందే, వినపళ్ళా?"

"పెళ్ళైన కాడి నుంచి నేను పాడతానే ఉండా. ఏ పొద్దైనా తగ్గించినారా?"

"నువ్వు పాడేటప్పుడు టీవీలో నీ సీరియలే కదే ఉండేది! నేనెట్లా తగ్గించేది?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి ఆయనకు మజ్జిగలో ఉప్పు వేయలేదు.

జెండా పండుగ దగ్గర పడుతుండగా సెక్రటరీ సార్ మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అక్కా, ఈ తూరి ప్రార్థన కొంచెం మార్చుదామని కమిటీలో మాట. అన్ని ఇళ్ళవాళ్ళూ నిలబడేట్టు ఒకటి పెట్టుకుందాం."

"అందరూ నిలబడే ఉండారే సార్. ఎవురు కూచున్నారు?"

"అది కాదక్కా..." అని నసిగాడు. "దేవుడి పేరు లేకుండా, అందరికీ ఒకటే. ఎదురింటి టీచరమ్మ పాట కట్టి ఇస్తానన్నది. మీరు తప్పుగా తీసుకోకూడదు."

"నేనెందుకు తీసుకుంటాను సార్? మైకు నా పుట్టింటి సారెనా?" అని నవ్వాను. ఆయన వెళ్ళాక తలుపు వేసిన చప్పుడుకు కిందింటివాళ్ళు పైకి వచ్చి ఏమైందని అడిగారు.

ఇంకో రెండు రోజులకు ఎదురింటామె స్వయంగా వచ్చింది. నాకంటే చిన్నది, సన్నగా, నుదురు ఖాళీగా, నవ్వు మాత్రం నిండుగా. అది చూస్తేనే నాకు ఇంకా మండింది. గడప బయటే నిలబడి తమిళంలో అడిగింది. ఆమె అడిగిందేమిటో చెప్పాలంటే మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి.

మా ఆయనకు మనలిలో ఫ్యాక్టరీలో పని, షిఫ్టుల మీద. ఆ ఫ్యాక్టరీల దగ్గర గాలిలో ఎప్పుడూ ఏదో ఒక ఘాటు ఉంటుంది. ఆయన బండి తాళం తీసుకోగానే నేను గడప దాకా వెళ్ళి, "పదిలంగా పోయి పదిలంగా రండి" అంటాను. మా అమ్మ మా నాన్నతో అన్న మాటే. అనకుండా ఒక్కరోజు కూడా పంపలేదు. ఎదురెదురు తలుపులు కదా, ఆమెకు అది రోజూ వినిపిస్తుంది.

"అక్కా, షిఫ్టుకు పోయేవాళ్ళ కోసం పాటలో ఒక వరస ఉంది. మీరు వాకిట్లో నిలబడి అంటారే, ఆ మాట ఆడ పెట్టుకోనా? మీ తెలుగులోనే. ఇంకే మాటా కుదరలేదక్కా."

పాట లాక్కున్నది చాలక, మా ఆయనతో అనే మాట కూడా కావాల్సి వచ్చిందా?

"అది ఇంట్లో అనే మాటమ్మా. మైకులో అనేది కాదు" అన్నాను.

"సరిక్కా" అంది. మొహం చిన్నబుచ్చుకుంటుందేమోనని చూశాను. చిన్నబుచ్చుకోలేదు. అది ఇంకో మంట.

జెండా పండుగ నాడు తలనొప్పని చెప్పి ఇంట్లో పడుకుందామనుకున్నాను. కానీ నేను లేకపోతే వాళ్ళు హాయిగా ఉంటారని తోచి, పట్టుచీర కట్టుకుని దిగి వెనక వరసలో నిలబడ్డాను. ఎదురింటామె మైకు ముందుకు వచ్చింది. నేను అలవాటుగా కాళ్ళ వైపు చూశాను. ఎవరూ చెప్పులు విడవలేదు! ఇందులో దేవుడి పేరు లేదు కదా, విడవాలో వద్దో వాళ్ళకు తెలియలేదు. ఒకరు సగం విడిచి, పక్కనామెను చూసి మళ్ళీ తొడుక్కున్నారు. బ్యాంకు ఆఫీసరు బూట్లతో స్తంభంలా నిలబడ్డాడు. నా కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది.

అప్పుడు మెట్ల మీద నుంచి నా స్నేహితురాలు దిగింది. పాట మొదలుకాక ముందే! ఎప్పుడూ నా పక్క కుర్చీకి వచ్చే మనిషి నేరుగా ముందు వరసకు వెళ్ళి, తలమీద కొంగు సర్దుకుని, చెప్పులు విడిచి పక్కకు పెట్టి నిలబడింది. ఆమెను చూసి పక్కామె విడిచింది. ఆమెను చూసి ఇంకొకరు. కాసేపటికి వరసంతా ఉత్త కాళ్ళే. చివరికి బ్యాంకు ఆఫీసరు వంగి బూట్ల తాళ్ళు విప్పుకోవడం నా కళ్ళారా చూశాను. నా పాటకు ఆయన వచ్చేది చెప్పులతో. ఈ పాటకు తాళ్ళు విప్పుకున్నాడు.

పాట తమిళంలో చిన్నదే. సముద్రంలోకి పోయినవాళ్ళు ఒడ్డుకు రావాలి, కుళాయిలో నీళ్ళు రావాలి, జ్వరంతో ఉన్న బిడ్డకు నిద్ర రావాలి అని వరసగా అడుగుతుంది. ఎవరిని అడుగుతుందో చెప్పదు. ముందు వరసల్లో అందరి కళ్ళూ మూసుకుని ఉన్నాయి. నా పాటకు చేతులు కట్టుకునేవాళ్ళు గానీ కళ్ళు మూసుకున్నవాళ్ళను నేను చూడలేదు. మనలికి షిఫ్టుకు పోయినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె మాట ఆపేసింది. పెదాలు మూసి ఆ ఒక్క వరసా ఊరికే రాగం తీసింది. అందరూ అది సంగీతమనుకున్నారు. ఆ ఖాళీలో కూర్చోవలసిన మాట ఏదో నాకు తెలుసు. నేను ఇవ్వనన్నానని, దాని చోట ఇంకో మాట పెట్టకుండా అట్లాగే వదిలేసింది. నోటిదాకా వచ్చిన మాటను నేను పళ్ళ మధ్య పట్టుకున్నాను.

అంతా అయ్యాక నా స్నేహితురాలిని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఏమ్మే, ఈ పొద్దు పనులు పెందలాడే తెమిలినాయా?"

"ఏం పనులక్కా?"

"ఇన్నేళ్ళు నా పాటకి దిగనిదానివి, ఆమె పాటకి ముందు వరసలో పోయి నిలబడితివే!"

"అక్కా, మీ సామి పాటకి నేను వరసలో నిలబడాలంటే నా మనసు ఒప్పదు. అది నీకు చెప్తే నువ్వు నొచ్చుకుని పాటే మానేస్తావని చెప్పలా. అట్లని వినకుండా ఇంట్లో ఎట్లా కూచునేది? ప్రతి ఏడూ ఈడనే, ఈ మలుపు కాడ నిలబడి విన్నా."

"ఈ మెట్ల మీదా?"

"ఈ మెట్టు మీదనే. చెప్పులు విడిచి. నువ్వు పాడతావుంటే చెప్పులేసుకుని ఎట్లా నిలబడేది? రెండో చరణంలో నీకు ఊపిరి చాలదు. ఆ చోటు వస్తానే నేను కూడా ఊపిరి బిగబట్టుకుంటా, అక్క దాటేయాలే అని."

ఆ మలుపు మైకు దగ్గరికి కనిపించదు. నేను చూసిన కాళ్ళలో ఆమె కాళ్ళు లేవు. అయినా మనసు ఊరుకుంటుందా?

"నిజం చెప్పు. ఆమె గొంతు బాగుందా, నా గొంతు బాగుందా?"

"ఆమెదే బాగుంది" అంది ఒక్క క్షణం ఆలోచించకుండా. తర్వాత నవ్వింది. "నీది నాకు కంఠతా వచ్చుక్కా. ఆమెది ఇంకా రాలా."

దాంతో నా కడుపుమంట చల్లారలేదు గానీ, కూర్చోవడానికి దానికి ఒక పీట దొరికింది. ఆ సాయంత్రం ఎదురింటి తలుపు తట్టాను. ఆమె చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఆ మాట నీకిస్తా. కానీ నువ్వు పాడకూడదు. ఆ వరస వచ్చినప్పుడు నువ్వు మైకు వదిలి పక్కకు జరగాలి. నేనొచ్చి పాడతా."

"అయ్యో, అదే కదక్కా నేను అడగాలనుకున్నది! అడిగితే మీరు తిడతారని..." అని పిండి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. ఆ నవ్వు అంత దగ్గర నుంచి కూడా బాగుంది. ఏం చేస్తాం.

ఇప్పుడు ప్రతి జెండా పండుగకూ అట్లాగే జరుగుతుంది. పాటంతా ఆమెది, మధ్యలో ఒక్క వరస నాది. ఆమె పక్కకు జరుగుతుంది, నేను మైకు ముందుకు వెళ్ళి తెలుగులో "పదిలంగా పోయి పదిలంగా రండి" అని పాడతాను, అందరూ వెనకనుంచి అందుకుంటారు. నా స్నేహితురాలు ముందు వరసలో ఉంటుంది. ఆమె కాళ్ళు ఇప్పుడు నాకు కనిపిస్తాయి. అవ్వ పాట వినాయక చవితికి మా ఇంట్లో పాడుకుంటాను. ఆ పొద్దు మా వీధి తలుపు తీసే ఉంచుతాను. బయట మెట్ల మీద ఎవరి చెప్పులు ఉన్నాయో నేను వెళ్ళి చూడను.

ఒక్కటే బాధ. ఆ మాట ఇప్పుడు అపార్ట్‌మెంటు మొత్తానికీ అలవాటైపోయింది. పొద్దున షిఫ్టు వేళకు ఏ అంతస్తులో చూసినా అదే మాట, వంకర తెలుగులో. ఎదురింటామె కూడా వాళ్ళాయనతో అంటుంది, ఆ గొంతుతో, కొంచెం రాగం కలిపి. అది వినపడగానే నేను స్టవ్వు మీద పాలున్నా వదిలేసి గడపలోకి పరుగెత్తుకొచ్చి, ఆమెకంటే గట్టిగా అంటాను.

"చాల్లేవే, మనలి దాకా వినపడింది" అంటాడు మా ఆయన, హెల్మెట్టు పెట్టుకుంటూ.

వినపడనీ.