కర్ణాటక సరిహద్దులో అగ్నిపర్వతం

ఇప్పటి పిల్లలకు ఏదైనా భయం పుడితే చేతిలో ఫోను ఉంటుంది. వెతికితే ఆ భయం అబద్ధమని తేలిపోతుంది, లేదా అంతకన్నా పెద్ద భయం దొరుకుతుంది. ఆ రోజుల్లో మాకు ఆ వసతి లేదు. పట్టుకున్న భయాన్ని మేమే పెంచి పెద్ద చేసుకోవాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నారాయణపేటలో సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. (మా ఊరు అప్పటికింకా జిల్లా కాలేదు, మహబూబ్‌నగర్ కిందే ఉండేది.) కొత్త రాష్ట్రం పటం మా చేత గీయించీ గీయించీ సార్లే విసిగిపోయారు. అందుకే సరిహద్దు అనే మాట వింటే నాకు తోచేది ఒక్కటే: బస్సెక్కితే కాసేపట్లో వచ్చేసే కర్ణాటక.

సైన్సు చెప్పే సారును సున్నం సార్ అనేవాళ్లం, చాక్‌పీసు పొడి ఆయన మీసాల దాకా ఉండేది గనక. ఒకరోజు ఆయన బోర్డు మీద భూమిని మామిడికాయను కోసినట్టు కోసి చూపించాడు. పైన తొక్క, లోపల ఎక్కడో కుతకుత ఉడికే రాయి. ఆ తొక్క కూడా పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉందనీ, అవి మెల్లగా జరుగుతుంటాయనీ చెప్పి, "అగ్నిపర్వతాలు ఎక్కువగ ఈ పలకల సరిహద్దుల కాడనే పుడతయి, రాసుకోండ్రి" అన్నాడు. అంతలో గంట కొట్టారు. మిగతా పాఠం మర్నాడు చెప్పాడట, నేను జ్వరంతో ఇంట్లో పడుకున్నాను. బడికి వెళ్లాక నా పక్కన కూర్చునే పిల్లను (ఊళ్లో సంగతులన్నీ చెబుతుందని దాన్ని రేడియో అనేవాళ్లం) అడిగితే, "సరిహద్దుల గురించి ఇంకింత చెప్పిండు. నేను ఇనలే, కిటికీల కోతి కూసుండె" అంది. "సరిహద్దంటే మన కర్ణాటకదేనా?" అన్నాను. "మరి ఇంకేముంటది?" అంది రేడియో.

మా బాపుది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి కింది కర్రలు తొక్కుతూ చీర నేయాలి. అంటే మా ఇంటిల్లిపాదిలో ఆ ఉడుకు రాయికి అందరికన్నా దగ్గరగా ఉన్నవి బాపు కాళ్లే. నేల మీద అరచేయి ఆనించి చూశాను. అదురుతోంది. (మగ్గం ఆడుతుంటే నేల అదరక ఏం చేస్తుంది? బాపు చాయ్ తాగడానికి లేస్తే ఆ అదురు ఆగిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు.)

"బాపూ, కాళ్లు పైకి తియ్యి" అన్నాను.

"తీస్తే చీర ఎవరు నేస్తరు బిడ్డా?"

పాఠమంతా చెప్పాను. బాపును కన్న మా అవ్వ నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి విన్నది. "నా తల్లిగారూరు కర్ణాటకలనే గద. పెండ్లయినంక బండి మీద ఇటు దాటొచ్చిన. నిప్పులు గిప్పులు ఏం కనబడలే" అంది. పలకలు జరుగుతాయి గనక అప్పుడు లేనిది ఇప్పుడు రావచ్చని చెప్పాను. అవ్వ కొంచెంసేపు ఆలోచించి, "జరిగితే మా తమ్ముని ఇల్లు ఇటు దగ్గరికొస్తదా, ఇంకా దూరం పోతదా?" అని అడిగింది.

అప్పటి నుంచి నా పోరు ఒకటే, గుంట పూడ్చాలని. పెద్దవాళ్లు నేను రాగానే మాటలు ఆపేస్తున్నారని గమనించాను గానీ, వాళ్లూ అగ్నిపర్వతం గురించే మాట్లాడుకుంటున్నారనుకున్నాను. నూలు ఇచ్చి చీరలు నేయించుకునే సేటు నూలు తగ్గించాడు. మగ్గం ఊరికే ఉండే రోజులు ఎక్కువయ్యాయి. నేల అదరడం ఆగింది. నాకు మరింత భయం పట్టుకుంది. (పేలే ముందు అంతా సప్పుడు లేకుండా ఉంటుందని రేడియో చెప్పింది.)

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి గుంట లేదు. ఆ జాగాలో ఎర్రమట్టి పోసి చదును చేశారు, అమ్మ పేడతో అలుకుతోంది. మగ్గం కర్రలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. బాపు గడప దగ్గర కూర్చుని చేతుల మట్టి దులుపుకుంటున్నాడు.

"పూడ్చినవా బాపూ?"

"పూడ్చిన. ఇగ నీకు ఫికర్ లేదు బిడ్డా" అన్నాడు. అమ్మ తల ఎత్తలేదు. నా మాట విని మా బాపు గుంట పూడ్చాడని నేను వాడంతా తిరిగి చెప్పుకొచ్చాను. ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు నా తల నిమిరారు. తెలివైన పిల్లనని నిమిరారనుకున్నాను.

తెల్లారి బాపు సంచి పట్టుకుని హైదరాబాదు బస్సెక్కాడు, అక్కడేదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా. బడిలో సున్నం సార్‌కు గుంట సంగతి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వబోయి ఆగాడు. "సరిహద్దంటే కర్ణాటక బార్డరు కాదమ్మా. మన పలక అంచులు అటు హిమాలయాల కాడ, ఇటు సముద్రంల ఎక్కడ్నో ఉన్నయి. మనం నడుమల ఉన్నం. ఈడ అగ్నిపర్వతం రాదు" అన్నాడు. "మరి మా బాపు గుంట ఎందుకు పూడ్చిండు సార్?" అంటే, అప్పటికే తుడిచిన బోర్డును మళ్లీ తుడుస్తూ, "మీ అమ్మనడుగు" అన్నాడు.

నేను అమ్మను అడగలేదు. గుంట పూడింది నా భయం వల్ల, బాపు వెళ్లింది గుంట లేక. గుంట తవ్వేస్తే బాపు వచ్చేస్తాడు. ఇంటికొచ్చి గడ్డపార తీశాను. (అది నాకన్నా పొడుగు.) అమ్మ నీళ్ల బిందెతో వచ్చేసరికి, కొత్తగా అలికిన నేలను కుక్క పడుకునేంత తవ్వి పెట్టాను. ఎందుకో చెబితే అమ్మ బిందె దించి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అవ్వ నా చేతిలోంచి గడ్డపార తీసుకుని, "గుంట లేక పోలేదు బిడ్డా మీ బాపు. నూలు లేక పోయిండు" అంది.

ఆ సాయంత్రం బాపు అమ్మ డబ్బా ఫోనుకు చేస్తే, "మనకాడ అగ్నిపర్వతం రాదంట, సార్ చెప్పిండు. నేను తవ్వుడు షురూ చేసిన" అన్నాను. అటువైపు ఎవరో గేటు తీయమని హారన్ కొడుతున్నారు.

"ఎంత తవ్వినవ్?"

"జరంత."

"సాలు తియ్యి. మిగిలింది నేనొచ్చి తవ్వుత."

దసరాకు వచ్చినప్పుడు నేను తవ్విన గుంటలో కాళ్లు పెట్టి చూసుకున్నాడు. మడమల దాకే మునిగాయి. మిగిలింది తవ్వలేదు, మగ్గం మళ్లీ బిగించనే లేదు. ఇప్పుడు నేనూ హైదరాబాదులోనే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. వాడంతా తిరిగి గొప్పలు చెప్పుకున్న ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. అంత పిరికి పిల్ల అంత బరువైన గడ్డపారను ఎలా ఎత్తిందో మాత్రం నాకు ఇప్పటికీ అంతుబట్టదు.