పేరు లేనోళ్లకు ముందుగాల

ఉప్పుగూడ నివాసి, విశ్రాంత నర్సు అయిన మా పెద్దమ్మ గత నెల మరణించిందని సంబంధితులందరికీ తెలియజేయడమైనది. సంబంధితుల్లో ఒక దొరసాని కూడా ఉన్నారు. ఆవిడ పోయి నూరేళ్లు దాటింది. చిరునామా దొరకనందున ఆవిడకు విడిగా తెలియజేయలేకపోయాము.

ఆ దొరసాని ఒక రైల్వే ఇంజనీరు భార్య. పెద్దమ్మ వాళ్ల అమ్మమ్మ ఆ ఇంట్లో ఆయా. విషజ్వరంతో ముందు ఇద్దరు పిల్లలు, ఆ వెనుకే తల్లి పోయారు. దొర తన దేశం వెళ్లిపోయాడు. ఏటా తమ ముగ్గురి సమాధుల మీదా పూలు పెట్టమని పోయే ముందు దొరసాని అడిగితే ఆయా మాటిచ్చింది, బతికినన్నాళ్లూ పెట్టింది. తరవాత సమాధుల తోటలో సగం రాళ్లు విరిగాయి, సగం మట్టిలో కూరుకుపోయాయి. ఆ మూడు సమాధులు ఏవో చెప్పగలవారు మిగలలేదు. మాట మాత్రం పెద్దమ్మకు వారసత్వంగా సంక్రమించింది.

ఉద్యోగ విరమణ తరవాత ఆమె వెతుకులాటను పూర్తికాలపు విధిగా స్వీకరించింది. పాత రికార్డులుండే ఆఫీసుకు ఒకసారి నేనూ వెంట వెళ్లాను. గుమాస్తా ఫారం నింపుతూ ఆగాడు.

"అమ్మా, ఆమె నీకేమైతది?"

"ఏం కాదు బిడ్డా."

"గట్లయితే ఎట్ల? చుట్టరికం కాలమ్ ఖాళీ ఉంటే సార్ వాపస్ కొడతడు."

"మాటిచ్చినం. మాట అని రాయి."

అతను నిజంగానే రాశాడు. దరఖాస్తు వాపస్ వచ్చింది. పెద్దమ్మ దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకొని మరొకటి రాయించింది. దొరసాని గురించి ఎమిలీ అన్న పేరు తప్ప మరే వివరమూ లేనందున అదీ వాపస్ వచ్చింది.

ఈలోగా పూలు ఆగరాదు. ఏటా సమాధుల పండుగకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బంతిపూలు తెచ్చి, పేరులేని ప్రతి సమాధి మీదా ఒక దండ వేసేది. అదే తోటలో ఉన్న మా పెద్దనాయినది చివరి వంతు.

"పెద్దనాయినకు ఆఖరికా?" అన్నాను ఒకసారి.

"ఆయనకు పేరున్నది, మనమున్నం. పేరు లేనోళ్లకు ముందుగాల."

తోట కాపలా భాయ్ నవ్వాడు. "ఫికర్ జెయ్యకమ్మా, ఇంతమందిల నీ మేమ్‌సాబ్ ఏడనో ఉంటది."

"ఉంటె మంచిదే భాయ్. లేకుంటె మాత్రం, వీళ్లకెవరు పెడతరు?"

ఆసుపత్రిలో చివరి వారం ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "దొరికిందా బిడ్డా?"

అబద్ధమాడవలసిన సందర్భమని ఇప్పుడు తెలుస్తోంది. చదువుకున్నవాణ్ణి గనుక లేదని నిజం చెప్పాను. "సరే తీ" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ నెల పండుగకు పూలతో నేను ఆలస్యంగా హాజరయ్యాను. పెద్దమ్మ సమాధి ఇంకా మట్టిదిబ్బే. పేరు చెక్కించిన రాయి రాలేదు. దిబ్బ మీద అప్పటికే ఒక బంతిపూల దండ ఉంది. అవతల కాపలా భాయ్ చేతినిండా దండలతో వంగి ఉన్నాడు.

"భాయ్, పెద్దమ్మకు నువ్వే ఏసినవా?"

అతను తలెత్తలేదు. "పేరు లేదు గదన్నా ఇంకా."

ఆ వరసంతా అవే దండలు. ఇంకా తడి ఆరలేదు.