టీచరమ్మ బార

సిద్దిపేటలో మా పైవాటాలో కిరాయికుండిన లెక్కల టీచరమ్మకు, ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో అంటే పిచ్చి. ఏది కొలవాలన్నా టేపు వెతికేది కాదు, రెండు చేతులూ బార చాపేది.

ఓరోజు నాలుగైదు బ్యాండ్లకు పనికొచ్చే పొడవాటి తీగ యాంటెన్నా కడుతుంటే మా డాబా చాలలేదు. పక్క డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్న పెద్దమ్మను, తీగ కొస అక్కడ కట్టుకోనిమ్మని అడిగింది.

"కట్టుకో బిడ్డా. ఎవరన్న పలికితే నన్ను గూడ పిలువాలె."

తీగను మూల దగ్గర వంచి అటు కట్టాం. సాయంత్రం గరగరల మధ్య జపాన్ నుంచి ఒకాయన ఇంగ్లీషులో పలికాడు! టీచరమ్మ కేకకు పెద్దమ్మ పరుగున వచ్చింది.

"తిన్నడా అడుగు!"

టీచరమ్మ నవ్వకుండా అడిగింది. జవాబు విని గంతేసింది.

"తిన్నడట పెద్దమ్మా!" అంటూ, బార చాపిన చేతులతో ఆమెను చుట్టేసుకుంది.