అక్క పటానికి బొట్టు

తొంభైల్లో ఒక ఎండాకాలం, అక్క పోయిందని తెలిసి విజయనగరం నుంచి హైదరాబాదు వెళ్లాను. అశోక్‌నగర్‌లో ఆమె అద్దెగది గోడ మీద ఉన్నది ఒక్కటే బొమ్మ. యుద్ధం తర్వాతి కాలపు జపాన్ చిత్రకారుడెవరో వేసినదానికి అచ్చుప్రతి. తెల్లకాగితం మీద చీపురుతో ఈడ్చినట్టు లావుపాటి నల్లరంగు, అంతే. ఇదేమిటే అని అడిగితే అక్క నవ్వేది. ఫోటో దిగడం ఆమెకు గిట్టేది కాదు, ఒక్కటీ లేదు. అందుకని ఆమె పటంగా ఆ బొమ్మకే చిక్కడపల్లిలో ఫ్రేము కట్టించాను.

షాపాయన అద్దం తుడుస్తూ, "ఈ పటం ఎవరిదన్నా?" అన్నాడు.

"మా అక్కది. పోయింది."

ఆయన కుంకుమ భరిణె తీశాడు. మా వైపు పటానికి బొట్టు పెట్టడం ఇంట్లోవాళ్ల పనే.

"పోయినోళ్ల పటం బొట్టు పెట్టకుంట చేతికియ్యనన్నా," అని వేలికి కుంకుమ అద్దుకుని ఆ నలుపంతా వెతికాడు. "నుదురు ఏడున్నది? జర చూపియ్యన్నా."

నాకు కోపం వచ్చింది. ఇందులో నుదురేమిటయ్యా అనబోయి, ఆ బొమ్మను మొదటిసారి సరిగ్గా చూశాను. పైకి ఈడ్చిన నలుపు ఒకచోట పల్చబడి, కింద తెలుపు కనిపిస్తోంది. నా వేలు అక్కడ ఆగిపోయింది.

నేను వేలు తీసేదాకా ఆయన ఆగాడు.