వదినగారితో వాదం

అంబులెన్సు నడిపే బాబాయికి లోకంలో ఒక్కరితోనే పడదు. బండిలో దారి చెప్పే యంత్రం ఉంది చూశారూ, అందులోని ఆవిడతో! ఆవిణ్ణి ఆయన వదినగారంటాడు. పోట్లాడుకోవడానికి అంతకంటే అనువైన వరస ఇంకేముంది?

"కుడివైపు తిరగండి" అంటుంది ఆవిడ మర్యాదగా.

"కుడివైపా! ఉపగ్రహం మీద కూర్చుని కిందికి చూసేవాళ్లకేం వదినగారూ, అన్ని దారులూ ఖాళీగానే కనిపిస్తాయి!" అని ఈయన బండి కప్పు ఎగిరిపోయేలా అరుస్తాడు.

కొత్తగా చేరిన నర్సమ్మకు ఈ రభసతో తల బొప్పి కట్టింది.

"ఆ పెట్టె వచ్చాకే కదా బాబాయ్, సందుసందులో ఆగి అడ్రసు అడిగే బాధ తప్పింది! దాని పుణ్యమా అని వేళకి చేరుతున్నాం. మళ్లీ దాంతోనే కయ్యమా?"

"వదిన అన్నాక మాట పడక తప్పుతుందా అమ్మా?"

ఇలాంటి మనిషితో వేగడం తన వల్ల కాదనీ, డ్యూటీ దిగగానే వేరే బండి అడగాలనీ ఆమె నిశ్చయించుకుంది.

ఆ మధ్యాహ్నమే ఒక దర్జీకి కొట్లో గుండెనొప్పి వచ్చింది. బండి ఎక్కించేసరికి మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు. "పోతున్నాను, పోతున్నాను" అంటూ మాస్కు పీకేస్తున్నాడు. పక్కన భార్య ఒకటే ఏడుపు. చేతికి సూది పెట్టి వెంటనే మందు ఎక్కించాలి, మనిషి కుదురుగా ఉంటేగా! నర్సమ్మ పట్టుకోబోయిన చేతిని విదిలించేస్తున్నాడు.

"ముందు రద్దీగా ఉంది. ఎడమవైపు తిరగండి."

"ఎడమవైపా! అక్కడ తాటిచెట్టంత గోడ ఉంది వదినగారూ! బండికి రెక్కలు కట్టమంటారా?"

దర్జీ పెనుగులాట ఆపాడు. మాస్కులోంచే గొణిగాడు.

"గోడ... ఎప్పుడో కొట్టేశారండీ."

"ఓహో! మీరూ ఆవిడ పక్షమేనా?"

"ఆవిడే... కరెక్టు."

"చూశారా అమ్మగారూ, మీ ఆయన పరాయి ఆడమనిషిని ఎలా వెనకేసుకొస్తున్నారో!"

అంత ఏడుపులోనూ భార్య కిసుక్కున నవ్వింది. దర్జీ మొహంలోనూ నవ్వు మెదిలింది, బిగుసుకున్న చెయ్యి వదులైంది. నర్సమ్మ చటుక్కున సూది పెట్టేసింది. తలెత్తి చూస్తే బండి ఎప్పుడో ఎడమకు తిరిగిపోయింది! బాబాయి నోరు "కుదరదంటే కుదరదు" అంటోంది. చేతులు మాత్రం వదినగారు చెప్పినట్టే చేస్తున్నాయి.

ఖాళీ రోడ్డు మీద బండి రివ్వున దూసుకుపోయింది. ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరమ్మ ఎదురొచ్చి, "భలే టైముకి తెచ్చారు!" అంది. కాసేపటికి గండం గడిచిందని లోపల్నుంచి కబురొచ్చింది. నర్సమ్మ చిన్నపిల్లలా గెంతింది. దర్జీ భార్య ఆనందం పట్టలేక గేటు దగ్గర కాపలావాడికి కూడా దణ్ణం పెట్టేసింది.

తిరుగుదారిలో రోజూ కునుకు తీసే నర్సమ్మకు ఇవాళ సంతోషంతో నిద్రే రాలేదు. ముందు సీట్లో కూర్చుంది.

"కుడివైపు తిరగండి" అంది వదినగారు. బాబాయి కిక్కురుమనకుండా తిరిగాడు. "నేరుగా వెళ్లండి" అంది. వెళ్లాడు.

నర్సమ్మ ఉండబట్టలేకపోయింది.

"అదేంటి బాబాయ్, ఇప్పుడు నోరెత్తరేం?"

"వెనక వినేవాళ్లెవరున్నారమ్మా?" అన్నాడు బాబాయి. "ఊరికే ఆవిణ్ణి ఆడిపోసుకోవడం దేనికి, పాపం! ఒక్కనాడైనా తప్పు చెప్పిందా?"